ఊచలు వంచే సాధనలో తర్వాతి ఊచ ఏది?

చేతులతో ఇనుప ఊచలు వంచేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది మందం దగ్గరే. 5 మి.మీ. ఊచ వంగగానే 6 మి.మీ.ది పట్టుకుంటారు. చూడ్డానికి ఒక్క మిల్లీమీటరే తేడా. కానీ వంచడానికి కావాల్సిన బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: 1.2 × 1.2 × 1.2, అంటే దాదాపు 73 శాతం ఎక్కువ. మణికట్టు నొప్పి మొదలయ్యేది ఇక్కడే. అందుకే మందం జోలికి పోకుండా ముందు పొడవు తగ్గించండి. 18 సెం.మీ. ముక్క శుభ్రంగా వంగాక అర సెంటీమీటరు చొప్పున 15 దాకా కోసుకుంటూ రండి. ముక్క పొట్టిదయ్యేకొద్దీ రెండు చేతుల పట్టు మధ్య దూరం తగ్గి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.

ఆ తర్వాతే లోహం మార్చాలి. మొదట హాట్ రోల్డ్ (బాగా కాల్చి సాగదీసిన) మైల్డ్ స్టీల్ అనే మెత్తటి ఉక్కు, తర్వాత అదే మందంలో కోల్డ్ రోల్డ్ (కాల్చకుండా సాగదీసిన, ఇంకాస్త గట్టి) రకం, ఆపైన స్టెయిన్‌లెస్. 304 రకం స్టెయిన్‌లెస్ వంగేకొద్దీ గట్టిపడుతుంది. తొలి వంపు తేలిగ్గా వచ్చినా చివర్లో మొండికేస్తుంది.

ఆకురాయి, డ్రిల్ బిట్ లాంటి గట్టిపరిచిన ఉక్కు అసలు వద్దు. అది వంగదు, పుటుక్కున విరిగి ముక్క ఎగురుతుంది. ఏ ఊచకైనా కంటికి రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, రెండు చివరలకీ మందపాటి తోలు బిగించి చుట్టండి. చుట్టు వదులైతే కొస అరచేతిలో దిగుతుంది.