వాటర్ హామర్: పైపు సపోర్టు మీద ఎంత బలం పడుతుందో లెక్క కట్టడం ఎలా?

నాగావళి, వంశధార ఒడ్డున ఉండే పంపుహౌస్‌లలో కరెంటు పోయిన కాసేపటికి ధడేలుమని వినిపిస్తే, అది చాలావరకు రిఫ్లక్స్ వాల్వ్ (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్) చప్పుడే. పైకి ఎక్కుతున్న నీళ్లు ఆగి, వెనక్కి మళ్లి, వాల్వ్ పలకను సీటుకేసి కొడతాయి. ఇలా పారే నీళ్లు ఒక్కసారిగా ఆగినప్పుడు ఒత్తిడి ఎగసి పైపుకు తగిలే దెబ్బే వాటర్ హామర్. ఆ దెబ్బకు సపోర్టులు తట్టుకుంటాయో లేదో చూడటానికి మామూలు లైనుకైతే కాలిక్యులేటర్ చాలు. క్షణకాలం పడే బలాన్ని, అంతే ప్రభావం చూపే నిలకడ బలంగా మార్చుకుని సపోర్టులను పరీక్షించడమే స్టాటిక్ పద్ధతి.

ఉదాహరణకు ఒక ఉక్కు పైపు తీసుకుందాం. లోపలి వ్యాసం 300 మి.మీ., గోడ మందం 6 మి.మీ., పొడవు 1,200 మీటర్లు, నీటి వేగం సెకనుకు 1.5 మీటర్లు.

1. తరంగ వేగం, అంటే ఆ ఒత్తిడి దెబ్బ పైపు వెంట ప్రయాణించే వేగం కట్టండి. నీటి బల్క్ మాడ్యులస్ (నొక్కితే కుదించుకుపోకుండా నిలిచే గుణం) 2.2, ఉక్కు ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే గుణం) 200 గిగాపాస్కల్స్. (2.2 × 300) ÷ (200 × 6) = 0.55. దీనికి 1 కలిపి వర్గమూలం తీస్తే 1.245. నీటిలో ధ్వని వేగం 1,480ని దీంతో భాగిస్తే సెకనుకు సుమారు 1,190 మీటర్లు. పీవీసీ పైపులో ఇది 300–450 దగ్గరే ఉంటుంది, అందుకే అక్కడ దెబ్బ తక్కువ.

2. నీళ్లు ఎంతసేపట్లో ఆగుతాయో చూడండి. తరంగం చివరిదాకా వెళ్లి తిరిగి రావడానికి 2,400 ÷ 1,190, అంటే దాదాపు 2 సెకన్లు. వాల్వ్ అంతకన్నా ముందే మూసుకుంటే పూర్తి దెబ్బ పడుతుంది. చక్రం తిప్పిన సమయమంతా లెక్కలోకి తీసుకోకండి. పొడవాటి లైనులో గేట్ వాల్వైనా, బటర్‌ఫ్లై వాల్వైనా ప్రవాహాన్ని నిజంగా ఆపేది చివరి కొద్ది భాగంలోనే.

3. ఒత్తిడి పెరుగుదల = సాంద్రత × తరంగ వేగం × వేగంలో మార్పు. 1.5 మీటర్ల వేగం ఒక్కసారిగా ఆగితే 1,000 × 1,190 × 1.5, అంటే 17.85 బార్లు. నిజంగా 10 సెకన్లలో నిదానంగా ఆపితే 2 × సాంద్రత × పైపు పొడవు × వేగం ÷ సమయం, అంటే 2 × 1,000 × 1,200 × 1.5 ÷ 10, 3.6 బార్లే. రిఫ్లక్స్ వాల్వ్ విషయంలో మాత్రం పంపింగ్ వేగం కాదు, పలక మూసుకునే క్షణానికి నీళ్లు వెనక్కి ఎంత వేగంతో వస్తున్నాయన్నదే లెక్క. అది 0.5 మీటర్లనుకుంటే 5.95 బార్లు.

4. బలం కట్టండి. పైపు లోపలి వైశాల్యం 0.0707 చదరపు మీటర్లు. 5.95 బార్లకు 42 కిలోన్యూటన్లు. ఇది రెండు బెండ్ల మధ్య ఉన్న తిన్నని ముక్క మీద పొడవు వెంట పడుతుంది. తరంగం ఒక బెండుకు చేరి రెండో బెండుకు ఇంకా చేరని ఆ కొద్దిసేపే బలం సరితూగకుండా ఉంటుంది. అందుకే ముక్క పొడవు ముఖ్యం. పలక 0.02 సెకన్లలో కొట్టుకుంటే తరంగం ముందుభాగం 1,190 × 0.02, సుమారు 24 మీటర్లు. 60 మీటర్ల ముక్క మీద పూర్తి 42 కిలోన్యూటన్లు పడతాయి. పంపుహౌస్‌లోని 6 మీటర్ల ముక్క మీద అందులో నాలుగో వంతు, 10.5 మాత్రమే.

5. రెండింతలు చేయండి. హఠాత్తుగా పడిన బలానికి పైపు గరిష్ఠంగా రెట్టింపు స్పందిస్తుంది. పొడవాటి ముక్కకు 84 కిలోన్యూటన్లు, అంటే సుమారు 8.5 టన్నులు.

6. ఆ బలాన్ని ముక్క పొడవు వెంట, రెండు దిశల్లోనూ విడివిడిగా పెట్టి యాంకర్‌ను (పైపును కదలకుండా బిగించి పట్టే సపోర్టు), బోల్టులను, పంపు నాజిల్‌ను (పైపు కలిసే పంపు మూతి) పరీక్షించండి. పైపును పైకి మోసే సాడిల్ ఈ బలాన్ని ఆపలేదు. పొడవు వెంట పట్టే స్టాపర్ కావాలి. సాడిల్ దగ్గర పెయింటు గీసుకుపోయినా, యాంకర్ కింద గ్రౌట్ పగిలినా పైపు జరుగుతోందనే అర్థం.

చాలామంది ఇక్కడ లైనులో మామూలుగా ఉండే నీటి ఒత్తిడిని (వర్కింగ్ ప్రెషర్) కూడా కలిపేస్తారు. వెల్డింగ్ లైనులో రెండు చివర్లా అది సమానంగా ఉండి సరితూగిపోతుంది, కాబట్టి సపోర్టుకు ఒత్తిడి పెరుగుదల ఒక్కటే తీసుకోవాలి. గోడ మందానికి మాత్రం రెండూ కలపాలి. భూమిలో రబ్బరు రింగు జాయింట్లున్న లైనుకు, థ్రస్ట్ బ్లాకుకు (బెండు దగ్గర పైపు జరగకుండా ఆపే కాంక్రీటు దిమ్మ) కూడా రెండూ కలపాలి. పైపును ఊడలాగే బలాన్ని ఆ జాయింటు ఆపదు.

హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్లు తీసుకెళ్లేంత పొడవైన లైన్లకు, ఎత్తుపల్లాల మీదుగా పోయేవాటికి ఈ లెక్క ఒక్కటే చాలదు. పంపు ఆగగానే మెరక మీద ఒత్తిడి వాతావరణ పీడనం కన్నా బాగా కిందికి, నీళ్లు ఆవిరయ్యే స్థాయికి పడిపోతే నీటిధార రెండుగా తెగుతుంది. తెగిన రెండూ మళ్లీ కలిసినప్పుడు పడే దెబ్బ ఈ సూత్రాలకు అందదు. దానికి ట్రాన్సియెంట్ సాఫ్ట్‌వేర్ (క్షణక్షణానికి మారే ఒత్తిడిని లెక్కించేది) కావాలి.