నేపాల్‌లో బస, జపాన్‌లో బస: రేటు ఎలా పోల్చుకోవాలి

విజయనగరంలో రైలెక్కి హౌరా, అక్కడి నుంచి రక్సౌల్ మీదుగా నేపాల్ వెళ్లే ఖర్చు వేరు, విమానంలో జపాన్ వెళ్లే ఖర్చు వేరు, అది అందరికీ తెలిసిందే. చిక్కంతా బస దగ్గరే, ఎందుకంటే ఫోన్‌లో కనిపించే గది రేటుకి రెండు దేశాల్లో ఒకే అర్థం లేదు. అందుకే ఒక కాగితం మీద ‘ఒక మనిషి, ఒక రాత్రి, రెండు పూటల తిండి, ఒక వేడినీళ్ల స్నానం’ అని రాసుకుని, రెండుచోట్లా దానికి ఎంతవుతుందో లెక్క వేయండి.

ఎవరెస్టు దారిలో లుక్లా నుంచి పైకి నడిచేవాళ్లు ఎక్కువగా టీహౌస్‌లలోనే, అంటే గదీ తిండీ దొరికే చిన్న బసల్లోనే ఉంటారు. గది అద్దె చాలా తక్కువ, కానీ రాత్రి భోజనం, పొద్దున టిఫిను అక్కడే తినాలి. టీహౌస్ వాళ్లకి నాలుగు డబ్బులు మిగిలేది ఆ తిండి మీదే, కాబట్టి బేరమాడి బయట తినాలని చూడకండి. వేడినీళ్లకి, ఛార్జింగుకి, వైఫైకి చాలాచోట్ల విడిగా కట్టాలి. బియ్యం బస్తా అయినా గ్యాస్ బండ అయినా మనుషులో జంతువులో మోసుకెళ్లాల్సిందే కాబట్టి నామ్చే బజార్‌లో, అంటే 3,440 మీటర్ల ఎత్తులో ఉన్న రేటు 5,164 మీటర్ల గోరక్ షెప్‌లో ఉండదు. పొయ్యి ఉండేది భోజనాల హాల్లోనే, పడుకునే గదికి పల్చటి చెక్క గోడలు, మనం జనవరిలో కప్పుకునే దుప్పటి అక్కడ ఏ మూలకీ చాలదు, స్లీపింగ్ బ్యాగ్ అద్దె కూడా లెక్కలో కలపండి. తిండికి మాత్రం టెన్షన్ లేదు, దాల్ భాత్ అంటే పప్పూ అన్నమూ కూరా, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. మన 100 రూపాయలు అక్కడ 160 నేపాలీ రూపాయలు. పైన కార్డులు నమ్ముకోకుండా నోట్లు పట్టుకెళ్లండి.

జపాన్‌లో ర్యోకాన్ అనే సంప్రదాయ బసల్లో రేటు తరచూ గదికి కాదు, తలకి. చూడగానే గుండె గుభేలుమంటుంది, కానీ చాలావాటిలో రెండు పూటల తిండీ, వేడినీటి ఊట స్నానమూ అందులోనే ఉంటాయి. భోజనానికి టైమ్ ఉంటుంది, ఆలస్యమైతే పోయినట్టే, కాబట్టి బేగి చేరుకోండి. పడక చాప మీద పరుపు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మంచాలున్న గది అడగండి. స్నానానికి ముందు ఒళ్లు శుభ్రంగా కడుక్కుని, బట్టలు లేకుండానే తొట్టిలో దిగాలి, పచ్చబొట్లుంటే కొన్నిచోట్ల రానివ్వరు. శాకాహారులూ, ఇది మరీ ముఖ్యం: కూరగాయల వంటకంలో కూడా ‘దాషి’ అనే రసం పోస్తారు, దాన్ని ఎక్కువగా ఎండు చేపతోనే కాస్తారు. ‘చేప వద్దు’ అంటే ముక్క వేయరు, రసం అలాగే ఉంటుంది. బుక్ చేసేటప్పుడే దాషి కూడా వద్దని రాయండి, కుదరదంటే తిండి లేని రేటు తీసుకోండి.

జపాన్‌లోనే పని మీద తిరిగేవాళ్లు దిగే బిజినెస్ హోటల్ గది ఇరుకు, పెద్ద పెట్టెలు రెండు తెరిచే చోటుండదు, అయినా శుభ్రంగా సొంత బాత్రూమ్‌తో ఉంటుంది. 1979లో ఒసాకాలో మొదలైన క్యాప్సూల్ హోటల్‌లో మనిషి పడుకునేంత అర మాత్రమే, కుటుంబంతో వద్దు. నేనైతే ఒక్క రాత్రి ర్యోకాన్‌కి పెట్టి, మిగతావన్నీ బిజినెస్ హోటల్‌లోనే ఉంటాను.

పైడితల్లి సిరిమాను చూసుకుని నేపాల్ బయల్దేరదామనుకుంటే అది అక్టోబరు, నవంబరు, దారి కిటకిటలాడే రోజులు. మధ్యాహ్నానికల్లా ఆ రాత్రి ఉండాల్సిన ఊరు చేరండి, లేదా గైడ్‌తో ముందురోజే ఫోన్ చేయించి గది పట్టించండి.