రెండు పదాలు కలిపి వెతికితే "దొరకలేదు" అంటోందా?

చీరలమ్మే సైట్ అనుకుందాం. "గద్వాల్" అని కొడితే వస్తున్నాయి, "ఎరుపు" అన్నా వస్తున్నాయి, రెండూ కలిపి "ఎరుపు గద్వాల్" అంటే మాత్రం సున్నా. సరుకు మన దగ్గరే ఉన్నా కస్టమర్ లేదనుకుని వెళ్లిపోతారు, అందుకే దీన్ని చిన్న బగ్ అని పక్కన పెట్టకండి.

ముందు క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, చూడండి. టైప్ చేసిందంతా ఒకే ముక్కగా రెండు పర్సంట్ గుర్తుల మధ్య పెట్టి, పదాలు పోల్చే షరతైన లైక్‌కి ఇచ్చి ఉంటారు. అంటే ఆ రెండు పదాలూ అదే వరసలో, పక్కపక్కనే, ఒకే కాలమ్‌లో ఉండాలి. కానీ గద్వాల్ పేరు కాలమ్‌లో ఉంది, ఎరుపు రంగు కాలమ్‌లో ఉంది, ఇక ఎలా దొరుకుతుంది?

ఖాళీల దగ్గర పదాలు విడగొట్టండి. ఒక్కో పదానికి ఒక షరతు: అది పేరులో గానీ రంగులో గానీ వివరణలో గానీ ఉండాలి. ఈ షరతులన్నిటినీ, అన్నీ నిజం కావాలనే యాండ్‌తో కలపండి. ప్రతి షరతులోని 'గానీ'లకి వాడే ఆర్‌ల చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి, ఎందుకంటే క్వెరీ రాసే భాష ఎస్‌క్యూఎల్ యాండ్‌నే ముందు చూస్తుంది, బ్రాకెట్లు లేకపోతే ఎరుపు అడిగినవాళ్లకి ఆకుపచ్చ చీరలు కూడా వచ్చేస్తాయి. పదాలను క్వెరీలో నేరుగా అతికించకుండా పారామీటర్లుగానే, అంటే విడిగా ఇచ్చే విలువలుగానే, పంపండి, ఇందులో రాజీ వద్దు. "100% కాటన్" అని ఎవరైనా కొడితే ఆ పర్సంట్ గుర్తు ఏ అక్షరాలకైనా సరిపోతుంది కాబట్టి దాన్ని ఎస్కేప్ చేయాలి, అంటే మామూలు అక్షరంగా చూడమని చెప్పాలి.

ఫలితాలు సరిగ్గానే ఉన్నా పేజీ నెమ్మదిగా వస్తోందా? పదం మొదట్లోనే పర్సంట్ గుర్తున్న లైక్‌కి మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) పనికిరాదు, టేబుల్ మొత్తం చదవాల్సిందే. కొన్ని వేల వరసలకు పర్లేదు, లక్షల్లోకి వెళ్తే పదాలవారీగా కట్టే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌కి మారండి.

మారాక ఉన్నట్టుండి ఫలితాలు ఎక్కువైతే కంగారు పడొద్దు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మామూలు మోడ్‌లో ఏ ఒక్క పదం కలిసినా చూపిస్తుంది. బూలియన్ మోడ్ పెట్టి ప్రతి పదం ముందు, అది తప్పనిసరి అని చెప్పే ప్లస్ గుర్తు చేర్చండి, యూజర్ టైప్ చేసిన ప్లస్, మైనస్ లాంటివి ముందే తీసేసి. అందులో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీలో మూడక్షరాల కంటే చిన్న పదాలు ఇండెక్స్‌లోకి ఎక్కవు, ఇంగ్లిష్‌లో రాసిన ఎక్స్‌ఎల్ సైజు దొరకనిది అందుకే. ఆ కనీస పొడవు సెట్టింగ్ మార్చి సర్వర్ రీస్టార్ట్ చేసి ఇండెక్స్ మళ్లీ కట్టాలి.

మరో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో రెండు పదాలకి సింటాక్స్ ఎర్రర్ వస్తే మీరు పదాలని వెతుకులాటగా మార్చే ఫంక్షన్ టు-టీఎస్‌క్వెరీ వాడుతున్నారన్నమాట. 11వ వెర్షన్ నుంచి ఉన్న వెబ్‌సెర్చ్-టు-టీఎస్‌క్వెరీ వాడండి, యూజర్ ఏం టైప్ చేసినా ఎర్రర్ ఇవ్వదు.

తెలుగు డేటాకి ఇంకో తలనొప్పి ఉంది. "గద్వాల్" చివర కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటే, చూడ్డానికి ఒకేలా ఉన్నా పోల్చినప్పుడు కలవకపోవచ్చు. వెతికే మాటలోంచీ, సేవ్ చేసే డేటాలోంచీ దాన్ని తీసేసి, అలా శుభ్రం చేసిన డేటాని వెతకడానికి విడిగా ఒక కాలమ్‌లో పెట్టుకోండి. పాత వరసలకు కూడా ఒకసారి ఇదే పని నడపండి.