ఇసుక దారిలో ట్రాక్టర్ దిగబడకుండా పాత టైర్లు

బాపట్ల, చీరాల తీరంలో సరుగుడు తోటలకు వెళ్లే ఇసుక దారుల్లో లోడు ట్రాక్టర్ తరచూ దిగబడుతుంది. చక్రం బరువు పడగానే ఇసుక పక్కలకు జారిపోవడమే దీనికి కారణం. పైన గ్రావెల్ ఎంత పోసినా అదీ ఇసుకలో కలిసిపోతుంది. ఇసుకను జారనివ్వకుండా చుట్టూ బిగించి పట్టే పని పాత కారు టైరు బాగా చేస్తుంది.

3 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు దారికి 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైర్లు అడ్డంగా 5, పొడవునా 16 చొప్పున 80 కావాలి. అన్నీ ఒకే సైజువి ఏరుకోండి. లారీ రేడియల్ టైర్లు వద్దు. వాటి పక్క గోడలో, అంటే సైడ్‌వాల్‌లోనూ స్టీలు తీగ ఉంటుంది, కత్తి దిగదు.

ప్రతి టైరుకూ ఒకవైపు సైడ్‌వాల్ కోసి తీసేయాలి. ట్రెడ్ (నేలకు ఆనే భాగం) అంచుకు రెండు వేళ్ల లోపలగా, కత్తికి సబ్బునీళ్లు రాస్తూ కోస్తే సులువుగా తెగుతుంది. ఈ పని మాత్రం ఎగ్గొట్టకండి. కోయని టైరు పైకి నిండినట్టే కనిపిస్తుంది కానీ, పై సైడ్‌వాల్ కింద చుట్టూ డొల్లగా ఉండిపోతుంది. వానలు పడి ఇసుక సర్దుకోగానే దారి గుంటలు పడుతుంది.

30 సెంటీమీటర్ల లోతు తవ్వి, చదును చేసి, నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట పరవండి. కోసిన వైపు పైకి ఉండేలా టైర్లను ఒకదానికొకటి ఆనించి పేర్చండి. పక్కపక్క టైర్ల నడిమి రంధ్రాల్లోంచి 10 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ తాడు దూర్చి, ఆనుకున్న రెండు ట్రెడ్‌లనూ కలిపి బిగించి కట్టాలి. అంచు వరుస వదులైతే మొత్తం విచ్చుకుంటుంది.

ఇసుకను రెండు దఫాలుగా నింపండి. టైర్ల మధ్య సందులే విస్తీర్ణంలో ఐదో వంతు ఉంటాయి, వాటినీ వదలొద్దు. అరకొర తడి ఇసుక పొంగి ఉంటుంది, దిమ్మిసతో కొట్టినా సరిగా కూరుకోదు. మొదటి దఫా నింపాక నీళ్లు బాగా పెట్టి గునపంతో కుమ్మండి. రెండోసారి కాస్త ఎత్తుగా పోసి, తడిపి, ప్లేట్ కంపాక్టర్ (అదురుతూ నేలను అదిమే యంత్రం) మూడుసార్లు నడపండి. 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను చేత్తో అదిమితే అలవోకగా దిగిపోయిన చోట మళ్లీ నింపాలి. పైన 12 సెంటీమీటర్ల గ్రావెల్ వేసి తొక్కించండి.

టైర్ల నుంచి జింకు నీటిలోకి దిగుతుంది కాబట్టి తాగునీటి బావి పక్కన, వానాకాలం ఊటనీరు టైర్ల దాకా వచ్చే చోట ఇది పెట్టకండి. ఇంటి పునాది కిందా వద్దు, రబ్బరు బరువుకు నొక్కుకుంటుంది. అంచున టైరు బయటపడితే వెంటనే గ్రావెల్ కప్పండి. ఎండిన సరుగుడు రాలాకు అంటుకుంటే నిప్పు టైరుకూ పాకుతుంది, దాన్ని ఆర్పడం చాలా కష్టం.