పట్టిక శీర్షికను పైన నిలిపే ముందు చూసుకోవలసినవి

వెబ్ పేజీని జరిపినా పట్టిక శీర్షిక వరుస పైనే నిలిచేలా సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) ‘పొజిషన్: స్టికీ’, ‘టాప్: 0’ రాసే ముందు, పట్టికను చుట్టి ఉన్న ప్రతి డివ్‌లోనూ (పేజీ భాగాలను చుట్టే పెట్టెలోనూ) ‘ఓవర్‌ఫ్లో: హిడెన్’ గానీ ‘ఆటో’ గానీ (పెట్టెలో పట్టని భాగాన్ని దాచే, లేదా జరిపి చూసేలా చేసే అమరిక) ఉందేమో పరిశీలించండి, ఉంటే శీర్షిక ఆ డివ్‌కే కట్టుబడి, పేజీ జరిపినప్పుడు వరుసలతో పాటే పైకి వెళ్లిపోతుంది. ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే.

2021లో వచ్చిన 91వ వెర్షన్‌కు ముందు క్రోమ్‌లో ‘స్టికీ’ ‘టీహెడ్’కు (శీర్షిక భాగం మొత్తానికి) పనిచేయదు కనుక దాన్ని ‘టీహెచ్’ (ఒక్కో శీర్షిక గడి) గడులకే ఇవ్వండి.

శీర్షిక గడులకు నిండు నేపథ్య రంగు తప్పనిసరి. లేకుంటే కింది అంకెలు శీర్షిక అక్షరాల్లో కలిసిపోయి రెండూ చదవడానికి రావు.

పట్టికకు ‘బోర్డర్-కొలాప్స్: కొలాప్స్’ (పక్కపక్క గడుల గీతలను ఒకటిగా కలిపే అమరిక) ఉంటే శీర్షిక నిలిచినా దాని గీతలు జారిపోతాయి కాబట్టి ‘సెపరేట్’ చేసి, ‘బోర్డర్-స్పేసింగ్: 0’ పెట్టండి.

పేజీ పైన 56 పిక్సెళ్ల మెనూ ఇప్పటికే నిలిచి ఉంటే, ‘టాప్’ విలువ కూడా అంతే ఉండాలి.

ఫోన్‌ను అడ్డంగా తిప్పి, శీర్షిక సగం తెరను ఆక్రమించడం లేదని నిర్ధారించుకోండి.