ఆకులు కాల్చడం ఆపి కంపోస్టు చేయడం: విద్యార్థి బృందాల కోసం

బడి, కాలేజీ ఆవరణల్లో ఊడ్చిన ఆకుల్ని తగలబెట్టొద్దని పోస్టర్లు అతికిస్తే పెద్దగా ఫలితం ఉండదు. ఊడ్చేవాళ్లకు ఆ ఆకులు పోసే చోటు కావాలి. ఆ చోటు చూపించి, అక్కడ ఆకుల్ని కుప్పగా వేసి కంపోస్టు, అంటే కుళ్లిన ఆకుల ఎరువు, చేయడం ఐదారుగురు విద్యార్థులకు సాధ్యమయ్యే పని.

ముందు యాజమాన్యం దగ్గర అనుమతి తీసుకోండి. నీడ, దగ్గర్లో కుళాయి, నీళ్లు నిలవని మట్టి నేల ఉన్న స్థలం అడగండి. పక్కపక్కనే రెండు కుప్పలకు చోటుండాలి, ఎందుకంటే తిరగేయడమంటే ఒక కుప్పను పక్క ఖాళీలోకి మార్చడమే. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు కనీసం మీటరు చొప్పున ఉండాలి. అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. ఎత్తు మీటరున్నర దాటితే అడుగు భాగం అణిగిపోయి గాలి ఆడదు.

అడుగున జానెడు మందాన పుల్లలు పరవండి. ఆ పైన మూడు బకెట్ల ఎండాకులకు ఒక బకెట్ పచ్చి సరుకు, అంటే కూరగాయల తొక్కలు, కోసిన పచ్చగడ్డి, వేస్తూ పోవాలి. ఎండాకుల్లో కార్బన్, పచ్చివాటిలో నత్రజని ఎక్కువ. కుప్పలో బరువు లెక్కన 25-30 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉంటే ఆకుల్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. బకెట్ల లెక్క దానికి ఉజ్జాయింపే, కుప్పను చూసి సర్దుకోవాలి. దళసరి ఆకులు తడిసి ఒకదానికొకటి అట్టలా అతుక్కుంటాయి కాబట్టి వాటిని ముందే తుంచండి. వండిన అన్నం, నూనె, మాంసం వేస్తే ఎలుకలు చేరతాయి. పై పొర ఎప్పుడూ ఎండాకులదే ఉండాలి, లేకపోతే ఈగలు ముసురుతాయి.

తడి తెలియాలంటే లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకులు కలపండి, అసలు రాకపోతే నీళ్లు చల్లండి.

అన్నీ కుదిరితే కొద్ది రోజుల్లోనే కుప్ప మధ్యలో వేడి 55-65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. 65 దాటితే వెంటనే తిరగేయండి. మామూలుగా మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి చాలు. అంచుల్లోది మధ్యకు రావాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే లోపల గాలి లేదని అర్థం. ముక్కులో గుచ్చుకునే అమోనియా ఘాటు వస్తే పచ్చి సరుకు ఎక్కువైనట్టు. వేడే ఎక్కకపోతే తడి గానీ, పచ్చి సరుకు గానీ, కుప్ప పరిమాణం గానీ చాల్లేదన్నమాట.

అయితే ఇలాంటి పనులు ఎక్కువగా ఆగిపోయేది పరీక్షల దగ్గరే. పరీక్షలకు రెండు వారాల ముందే కొత్త సరుకు వేయడం ఆపి, చివరిసారి తిరగేసి, తడిపి, ఎండాకులతో మందంగా కప్పండి. కుప్ప నెమ్మదిస్తుందే గానీ చెడిపోదు. సెలవుల్లో దగ్గర్లో ఉండేవాళ్లు ఒకరు వారానికోసారి తడి చూస్తే సరిపోతుంది. చివరి సంవత్సరం వాళ్ల పక్కన మొదటినుంచీ ఒక జూనియర్‌ను పెట్టండి, పార పట్టడం చూస్తేనే వస్తుంది. ఎన్ని బకెట్ల ఆకులు వచ్చాయో నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంకో కుప్పకు అదనంగా స్థలం అడిగేటప్పుడు ఆ లెక్కే పనికొస్తుంది.

మూడు నాలుగు నెలలకు సరుకు నల్లబడి, పొడిపొడిగా, మట్టి వాసనతో ఉంటుంది. ఇంకో నెల మాగనివ్వండి. తడి గుప్పెడు సంచిలో మూడు రోజులు బిగించి ఉంచి విప్పితే పుల్లటి కంపు రాకూడదు. వస్తే ఇంకా ఆగండి. తయారైనదాన్ని జల్లించి, కాండానికి తగలకుండా మొక్క చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరవండి. జల్లెడలో మిగిలిన పుల్లల్ని కొత్త కుప్ప అడుగున వేసేయండి.