నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: లోపాన్ని పట్టుకునే పద్ధతి

పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కారు ఒకరోజు కుదుపులిచ్చి, మరొకరోజు ఉన్నట్టుండి ఆగిపోయి, మెకానిక్ ముందుకు తీసుకెళ్లేసరికి ఏ లోపమూ లేనట్లు నడవడం చెన్నైలో పాత కార్లు నడిపేవారిలో చాలామందికి అనుభవమే. ఇటువంటి లోపాన్ని అది కనిపిస్తున్న ఆ కొద్ది నిమిషాల్లోనే పరీక్షించాలి. అది మాయమయ్యాక చేసే పరీక్షలన్నీ బాగున్న బండి మీద చేసే పరీక్షలే. మా 2007 నాటి కారు ఒక మే నెల మధ్యాహ్నం నెల్లూరు వెళుతుండగా గుమ్మిడిపూండి దాటాక ఆగిపోయి, ఇరవై నిమిషాల తరువాత తనంతట తానే స్టార్ట్ అయింది. ఆ తరువాత రెండు నెలల్లో ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు, బ్యాటరీ మార్పించాను. చివరికి తేలిన కారణం క్రాంక్ సెన్సర్. పిల్లలతో హైవే పక్కన ఎండలో నిలబడే అవస్థ మరొకరికి రాకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. నడుస్తున్న కారులో ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూం ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. అందువల్ల బ్రేకును పదే పదే తొక్కి వదలకుండా ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకొని, హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసుకోవాలి.

డాష్‌బోర్డులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. కారు మొరాయించిన ప్రతిసారీ ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఏసీ నడుస్తోందా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, వాన పడుతోందా, ఆగే ముందు కుదుపులు వచ్చాయా లేక స్విచ్ కట్టేసినట్లు ఒక్కసారిగా ఆగిందా అన్నవి రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాసేసరికి అనుమానించవలసిన భాగాలు బాగా తగ్గిపోతాయి. మొదటి గేరులో క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే బండి వణికితే అది క్లచ్ ప్లేటుకు గాని, ఇంజన్ మౌంటింగులకు గాని సంబంధించినది కావచ్చు. దానిని ఈ లెక్కలో కలపకూడదు.

వేడెక్కాక ఒక్కసారిగా ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే కారు అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో ఇంజన్ కంప్యూటర్‌కు తెలిపేది క్రాంక్ సెన్సర్. కొన్ని కార్లలో దీని లోపలి సన్నని తీగచుట్టలో ఏర్పడిన పగులు వేడికి విడిపోయి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కారు ఆగిన వెంటనే మూడు పనులు చేయాలి. తాళం ఆన్ చేసి వెనుక సీటు కింద నుంచి పంపు రెండు సెకన్ల పాటు సన్నగా మోగుతుందేమో వినాలి. తరువాత సెల్ఫ్ కొడుతూ ఆర్‌పిఎం ముల్లును చూడాలి. ఆ తరువాత విడిగా తెచ్చుకున్న ఒక ప్లగ్గునో, స్పార్క్ టెస్టర్‌నో తగిలించి స్పార్క్ వస్తోందో లేదో చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మామూలుగా కొద్దిగా లేచే ముల్లు సున్నా దగ్గరే ఉండి, స్పార్క్ కూడా రాకపోతే క్రాంక్ సెన్సర్‌ను, దాని తీగను అనుమానించాలి. కొన్ని మోడళ్లలో ముల్లు సెల్ఫ్ వేగానికి అసలే కదలదు కనుక, బాగున్నప్పుడు అది ఎలా ఉంటుందో ముందే చూసి పెట్టుకోవాలి. స్కానర్ (ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలను, లోపాల కోడ్‌లను చూపే పరికరం) ఉంటే అందులో కనిపించే ఆర్‌పిఎం అంకె మరింత నమ్మదగినది. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు కాబట్టి సెన్సర్ బాగుందనుకోవడం పొరపాటు. చాలాసార్లు క్రాంక్ సెన్సర్ లోపాన్ని తెలిపే పి0335 కోడ్ నమోదు కాకుండానే ఈ లోపం వచ్చి పోతుంది.

స్పార్క్ వస్తూ పంపు శబ్దం మాత్రం రాకపోతే ఫ్యూజు, రిలే (పంపుకు కరెంటు అందించే చిన్న స్విచ్), పంపు కనెక్టరు అనే క్రమంలో చూడాలి. అదే ఆకారం, అవే నంబర్లు ఉన్న మరో రిలేను అక్కడ పెట్టి చూడడం ఖర్చులేని పరీక్ష. పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే కనుక, ఎప్పుడూ రిజర్వులో నడిపే బండిలో పంపు త్వరగా అలసిపోతుంది. ట్యాంకు మూత తీసినప్పుడు గాలి బలంగా లోపలికి పీల్చుకుపోయి, ఆ వెంటనే కారు స్టార్ట్ అయితే, గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట.

కుదుపులతో మొదలయ్యే లోపం దారి వేరు. ఎక్కువ రోజులు నిలిపిన తరువాత గాని, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో గాని కుదుపులు వస్తే ప్లగ్గులు, వాటికి స్పార్క్ కరెంటు ఇచ్చే కాయిళ్లు, ప్లగ్ వైర్లు చూడాలి. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉన్న కారులో రెండో సిలిండర్ సరిగా మండడం లేదని తెలిపే పి0302 కోడ్ వస్తే, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానితో మార్చి నడపండి. కోడ్ పి0303గా మారితే లోపం కాయిల్‌లోనే ఉంది. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడవలసి ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేయగానే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) పడిపోయి ఆగేవాటిలో చాలావరకు ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ శుభ్రం చేస్తే తేరుకుంటాయి. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో చూపే అంకె) ఐడిల్‌లో పది శాతానికి మించి ఉండి, 2500 ఆర్‌పిఎం దగ్గర మామూలు స్థాయికి వస్తే ఎక్కడో వాక్యూం గొట్టం పగిలి గాలి దూరుతోంది. అందుకు భిన్నంగా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే ట్రిమ్ పెరిగితే పెట్రోలు ఒత్తిడి చాలడం లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది. దానికోసం తయారు చేయని పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు దెబ్బతినే అవకాశమూ ఉంది. అందుకే గొట్టాల పగుళ్లను, పెట్రోలు వాసనను నిర్లక్ష్యం చేయకూడదు.

సముద్రపు గాలి తగిలే తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వంటి చోట్ల నిలిపే కార్లకు బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే ఎర్త్ తీగల తుప్పును ప్రత్యేకంగా చూడాలి. మల్టీమీటర్‌లో ఒక కొనను బ్యాటరీ నెగెటివ్‌కు, మరొక కొనను ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించినప్పుడు 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ జాయింటును విప్పి, గీకి, గట్టిగా బిగించాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. తరువాత బెల్టుకు, ఫ్యానుకు చేయి దూరంగా ఉంచి, ఐడిల్‌లో తీగల కట్టలను ఒక్కొక్కటిగా మెల్లగా కదపండి. ఏ కనెక్టరును కదిపినప్పుడు ఇంజన్ తడబడుతుందో, అక్కడే వెతకాలి.

చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుప్పేటలో పాత తలుపులు, అద్దాలు కొనుక్కోవచ్చు గాని, పాత సెన్సర్‌ను కొనవద్దని నా గట్టి సలహా. వేడికే విఫలమయ్యే భాగం కౌంటర్ మీద చల్లగా ఉన్నప్పుడు ఏ మీటరుకైనా మంచిదిగానే కనిపిస్తుంది.

భాగం మార్చాక కోడ్‌లు చెరిపి, నోటుపుస్తకంలో రాసుకున్న పరిస్థితులనే తిరిగి కల్పించాలి. మేము మధ్యాహ్నం ఒంటిగంటకు ఏసీ వేసుకొని, అదే దారిలో గుమ్మిడిపూండి దాటి సూళ్లూరుపేట దాకా వెళ్లి, అక్కడ పావుగంట ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి, ఆపి, పది నిమిషాల తరువాత మళ్లీ స్టార్ట్ చేశాము. మరో రెండు ఆదివారాలు అలాగే చేసి, ఆ తరువాతే పిల్లలను ఆ కారులో నెల్లూరు తీసుకువెళ్లాము.